పొలిమేర దాటిన పలక

“అది పలక గాదు సువర్ణమ్మా, మా నాయన ఈపు మీద బండ! దాన్ని దించుకోడానికే ఈ ఏసు గుళ్ళోకి వచ్చినాడాయన. మళ్ళా నువ్వు ఆ డప్పును ఎత్తుకొని లోపలికొస్తానంటే ఎట్లమ్మా?”

“బండ మోసింది నిజమే సారూ. మోయించినోళ్ళది తప్పా, పలకది తప్పా?”

“మాటలు బాగా నేర్చినావు.”

“మీరేమో మరిచిపోయినారు. ఆగస్టు పదైదుకు ఇస్కూలు పిల్లోళ్ళ మెడల్లో డ్రమ్ములు తగిలించి కొట్టించింది ఎవురు? అప్పుడు లేని అంటు ఇప్పుడు యాడినుంచి వచ్చె?”

“అది బ్యాండు!”

“ఆహా. దానికుండేది తోలు గాదా? గవర్నమెంటు తోలు గాబట్టి శుద్ధమైపోయిందా?”

కిటికీ బయట స్టూలెక్కి మైకు హారన్‌కు వైరు చుడుతున్న ప్రతాప్ కిసుక్కున నవ్వాడు. లోపల మాటలు ఆగిపోయాయి. కిటికీలో ముందు తెల్లమీసం, ఆ తర్వాత కళ్ళద్దాలు కనిపించాయి.

“ఎవుర్రా ఆడ?”

“సౌండ్ సర్వీసు సార్. మీరు కానీండి, నాకేం వినపడలే.”

“వినపడకుంటే యాల నవ్వినావు?”

ప్రతాప్ వైరు అక్కడే వదిలేశాడు. స్టూలు దిగి, లోపలికి వెళ్ళి, ఎవరూ అడగకుండానే తన అభిప్రాయం చెప్పేశాడు. “పలక పెడితేనే బాగుంటాది సార్. ఇప్పుడు మీ పాటలు వింటే నిద్రొస్తాండాది.” ఆ మాటతో గుడి పెద్దల్లో ఒకడైన పాత హెడ్మాస్టరు సాల్మన్ రాజు సారు గొడుగు తీసుకుని ఎండలోకి వెళ్ళిపోయాడు. సువర్ణమ్మ తల పట్టుకుంది.

“మంచి సాయం జేస్తివి నాయనా. రవ్వంత సేపుంటే ఒప్పుకునేటోడు.”

ప్రతాప్ నోరు అలాంటిది. ఊరు బి.కొత్తకోట దగ్గర. కుప్పంలో డిగ్రీ రెండో ఏడాది మధ్యలో లెక్చరర్‌తో “మీరు చెప్పేది మీకన్నా అర్థమవుతాందా సార్” అని, ఆ క్లాసులోంచి బయటికొచ్చినవాడు మళ్ళీ ఏ క్లాసులోకీ పోలేదు. ఆ తర్వాత సెల్‌ఫోన్ షాపులో కొన్నాళ్ళు, టమోటా మండీలో కొన్నాళ్ళు. యాడా కాలు నిలవలేదు. సౌండ్ సర్వీసులో మాత్రం ఎందుకో నిలబడ్డాడు. పెళ్ళి, జాతర, సభ, ప్రార్థన కూటం, రోజుకో ఊరు, రోజుకో రకం గోల. అతనికి అదే సరిపోయింది.

మదనపల్లెలో టౌనుకు ఒక పక్కగా ఉన్న ఆ చిన్న గుడిలో సువర్ణమ్మ పాటల గుంపుకు పెద్ద. ఇంట్లో కుట్టు మిషను, గుళ్ళో కాళ్ళతో తొక్కే పాత హార్మోనియం. రెండూ ఒకే తీరులో తొక్కుతుంది. ఆదివారం హార్మోనియం తొక్కుతుంటే జాకెట్టు కుడుతున్నట్టే ఉంటుందని గుంపులో పిల్లలు నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. “రెండిట్లోనూ తొక్కుడు ఆపితే దారం తెగుతాది మే” అనేది. ఇప్పుడు మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. ఈ ఈస్టరు అయ్యాక పాటల గుంపును కీబోర్డు వాయించే కుర్రాళ్ళకు అప్పగించేయాలని ఆమే పెద్దలతో చెప్పింది. పోయేముందు ఒక్కటే అడిగింది: ఈస్టరు పొద్దున తను కట్టిన పాట పాడాలి, దానికి తన అన్న మునస్వామి పలక కొట్టాలి.

మునస్వామి పుంగనూరు అవతల, పెద్దపంజాణి దారిలో ఒక పల్లెలో ఉంటాడు. ఒకే తల్లి పిల్లలు. సువర్ణమ్మ పెళ్ళి చేసుకుని మదనపల్లెకు వచ్చి బాప్తిస్మం తీసుకుంది. ఆయన పల్లెలోనే ఉండి తండ్రి పలక అందుకున్నాడు. గొడవేమీ లేదు. పండగలకు ఒకరింటికి ఒకరు పోతారు, తింటారు, తగువులాడతారు. కానీ ఆమె పాడుతుంటే ఆయన ఎప్పుడూ వినలేదు. జాతరలో ఆయన పలక కొడుతుంటే ఆమె పెళ్ళయ్యాక ఎప్పుడూ చూడలేదు. ఇంత వయసొచ్చాక ఇది ఆమెకు పళ్ళలో ఇరుక్కున్న పీచులా అయింది. తీయకుంటే నిద్రపట్టదు.

ఆమె పాట సంగతి కూడా చెప్పాలి. సువర్ణమ్మ ఈ గుళ్ళోకి వచ్చిన కొత్తలో పాటలన్నీ దొరల రాగాల్లో సాగేవి. ఒక్కో మాట బస్టాండు నుంచి మొదలై రైల్వే స్టేషను దాకా పోయేది. అప్పటి పాస్టరు అయ్యగారి భార్య ఆమెకు హార్మోనియం నేర్పింది. నేర్చుకున్న మరుసటేడే క్రిస్మస్‌కు సువర్ణమ్మ ఒక పాటకు కోలాటం వరస కట్టేసింది. ఆ రోజు ముందు వరస పెద్దమనుషులు పాట పూర్తయ్యేదాకా నోరు తెరవలేదు. “పిల్ల గుళ్ళో చిందులు మొదలుబెట్టింది” అన్నారు. మరుసటి ఏడాది పిల్లలు మాత్రమే పాడారు. ఆ పై ఏడాది పిల్లల తల్లులు. ఇప్పుడు ఆ వరస లేకుంటే క్రిస్మస్ వచ్చినట్టే ఉండదు. దాన్ని కట్టింది సువర్ణమ్మ అని పాడేవాళ్ళలో సగం మందికి తెలియదు. కొత్త అయ్యగారు ఒకసారి ఆమెకే చెప్పాడట, “ఈ పాత వరసలు చెడగొట్టకండమ్మా” అని.

ఈస్టరు పాట వరస ఇంకా పాతది. వాళ్ళమ్మ చెనిక్కాయ చేలో కలుపు తీస్తూ పాడింది. దానికి సువర్ణమ్మ మాటలు పెట్టుకుంది:

తెల్లవారకముందె తోవబట్టిన తల్లులారా,
రాయి తీసేదెవరమ్మా, రాయి తీసేదెవరు?

“మాటలు అయ్యగారు బాగుండాయన్నాడు, వరస ఆడోళ్ళంతా బాగుందన్నారు” అని ఆ రోజు ఆమె ప్రతాప్‌తో చెప్పింది. “పలక దెబ్బ కాడ్నే ఆగిపోయినాము. నువ్వొక పని జెయ్యి. మా అన్న కాడికి పోయి ఆయప్ప కొట్టే దెబ్బలన్నీ ఫోన్లో పట్టుకొని రా. ముందు ఇనిపిస్తే సారు మెత్తబడతాడేమో.”

ప్రతాప్ పోయాడు. మునస్వామి ఇంటి ముందర ఎండుగడ్డి కసువుతో మంట వేసి పలక కాస్తున్నాడు. తోలు వేడెక్కి బిగుసుకునేదాకా తిప్పి తిప్పి కాచాడు. ఈ కాలంలో చాలామంది ప్లాస్టిక్ మూత వేసిన పలకలకు మారిపోయారు. వాటికి మంట అక్కర్లేదు. “దానిమీద కొడితే బిందె మీద కొట్టినట్టుంటాదప్పా” అన్నాడు మునస్వామి. తర్వాత ఒకదాని వెంట ఒకటి కొట్టుకుంటూ పోయాడు. ప్రతాప్ ఫోను పట్టుకుని, తలూపుతూ నిలబడ్డాడు. ఏది దేనికి కొడతారని అడగాలని అతనికి తోచనే లేదు. మంచిగా ఉన్నదాన్ని మంచిగా ఉందనుకున్నాడు, అంతే.

వాటిలో ఒకటి అతన్ని పట్టేసింది. నిదానంగా నడుస్తుంది, రెండడుగులు వేసి ఒక అడుగు ఆగినట్టుగా. సువర్ణమ్మకు వినిపిస్తే ఆమె కళ్ళు మూసుకుంది. “ఇదే నాయనా. ఇది నాకు తెలుసు. యాడ ఇన్నానో గుర్తు రావడంల్యా. దూరం నుంచి ఇన్నట్టుండాది.” పాటను దానిమీద పాడి చూస్తే అతికినట్టు కూర్చుంది. ప్రతాప్ ఆ ముక్కను కోసి, బటన్ నొక్కితే మోగే ప్యాడ్ మిషన్‌లో ఎక్కించి, ప్రాక్టీసుకు తెచ్చాడు.

ఆ సాయంత్రం గుళ్ళో పాటల గుంపు అంతా ఉంది. ఆడవాళ్ళు, కీబోర్డు కుర్రాళ్ళు, అయ్యగారు. సాల్మన్ రాజు సారు కూడా వచ్చాడు. ఒప్పుకోవడానికి కాదు, ఒప్పుకోనని ఇంకోసారి చెప్పడానికి. ప్రతాప్ బటన్ నొక్కాడు. స్పీకర్లోంచి దరువు వచ్చింది. ఆడవాళ్ళు అందుకున్నారు. కరుణ అనే నర్సమ్మాయి కాలితో తాళం కూడా వేస్తోంది. అయ్యగారు చిరునవ్వు నవ్వుతున్నాడు. పల్లవి రెండోసారి వచ్చేసరికి సాల్మన్ రాజు సారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ముఖం తెల్లబోయింది.

“ఆపండి! రేయ్, ఆపురా దాన్ని!”

ప్రతాప్ ఆపాడు.

“అది ఏం దెబ్బో తెలుసునా మీకు? పొలిమేర దాటినాక కొట్టేది! పాడె ఊరు దాటి సుడుగాడు దోవ బట్టినాక కొట్టే దెబ్బ అది!”

 సువర్ణమ్మ చేతులు హార్మోనియం మీదే ఉండిపోయాయి. అప్పుడు తట్టింది ఆమెకు, ఎక్కడ విన్నదో. ఆ పల్లెల్లో ఆడవాళ్ళు శవం వెంట పొలిమేర దాకానే పోతారు. ఏడుపులు, నీళ్ళు అక్కడికే. ఆ తర్వాత మగవాళ్ళే. పలక అక్కడ దరువు మారుస్తుంది. వెనక్కి తిరిగి ఇంటికొస్తున్న ఆడవాళ్ళకు అది దూరంగా, గాలిలో తెగిపోతూ వినిపిస్తుంది. చిన్నప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని తిరిగొస్తూ ఎన్నిసార్లు విన్నదో. దాన్ని దగ్గరగా విన్నది ఈ రోజే, అదీ స్పీకర్లో, గుళ్ళో, ప్రాక్టీసులో.

కరుణ మెల్లిగా అడిగింది. “సారూ, మీకెట్ల తెలిసె?”

 పలక సంగతి మొత్తం మరిచిపోయానని, తన ఇంట్లో దాని పేరెత్తరని అందరితో చెప్పుకుంటూ వచ్చిన మనిషి సారు. మళ్ళీ కూర్చున్నాడు. తలెత్తకుండానే అన్నాడు.

“మా నాయన కొడతాంటే నేను పక్కనే నడిచేటోణ్ణి. మంట పెట్టేదానికి కసువు మోసుకొని. మూడు చోట్ల ఆగి కాచుకోవల్ల. చలికాలం అయితే ఇంకా ఎక్కువ. అందరూ పీనుగును చూసి ఏడుస్తాంటే మా నాయన తోలును చూస్తా ఉండేటోడు, సద్దు తగ్గిపోతాందేమో అని.” ఆ వెంటనే తలెత్తి, “దాన్ని ఏసుప్రభువు లేచిన పండక్కి కొడతారా ఎవురైనా? తిక్కోళ్ళకన్నా తోస్తాదా ఇది?” అన్నాడు.

తప్పు తనదేనని ప్రతాప్‌కు అర్థమైంది. ఒక్క మాట అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. “నేను అడగలే సార్” అన్నాడు. అతను ఇంత చిన్నగా మాట్లాడడం అంతకుముందు ఎవరూ వినలేదు.

ఇక అయిపోయిందనే అనుకున్నారంతా. ప్రతాప్ వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు. కుర్రాళ్ళు కీబోర్డుకు గుడ్డ కప్పారు. సువర్ణమ్మ మాత్రం లేవలేదు. లేవబోతే మోకాళ్ళు పట్టేస్తాయని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. కూర్చునే అడిగింది.

“సారూ, ఒక మాట. ఆ పొద్దు సమాధి కాడికి పోయింది ఎవురు?”

“ఏ పొద్దు?”

“ఈస్టరు పొద్దు.”

“మగ్దలేనే మరియమ్మ... ఆమెతో ఇంకా...”

“ఆడోళ్ళే గదా?”

“ఆడోళ్ళే.”

“సచ్చిపోయిన మనిషి కాడికి పోతాండామనే పోయినారు వాళ్ళు. లేచినాడని ఎవురికి తెలుసు? చేతిలో సుగంధ ద్రవ్యాలు, కండ్లల్లో నీళ్ళు. మనూళ్ళో ఆడోళ్ళు పొలిమేర కాడ తిరుక్కుంటారు సారూ. ఆ యమ్మలు తిరుక్కోల్యా. పొలిమేర దాటి పోయినారు. మరి వాళ్ళ కాళ్ళకు ఏ దెబ్బ కొట్టల్ల? నువ్వే చెప్పు.”

సారు చెప్పేదాకా ఆమె ఆగలేదు.

“పొయ్యేటప్పుడు ఇదే కొట్టల్ల” అంది సువర్ణమ్మ. “రాయి తీసేదెవరమ్మా అనేదాకా ఇదే. ఆడ సమాధికి మూసిన రాయి లేదు, లోపల మనిషి లేడు అని తెలిసినాక, తిరుక్కొని పరిగెత్తుకుంటా వచ్చేటప్పుడు జాతర దెబ్బ. మధ్యలో మలుపు. అంతే పాట.”

అయ్యగారు గొంతు సవరించుకుని, వేదాంతపరంగా ఆలోచిస్తే అని ఏదో మొదలుపెట్టాడు. సారు చేత్తోనే ఆపేశాడు.  తర్వాత లేచి, గొడుగు తీసుకుని, గుమ్మం దాకా పోయి ఆగాడు.

“గుళ్ళోకి వద్దు. సమాధుల తోటలో అయితే కానీండి. ఆడికెట్లాగూ ఈస్టరు తెల్లారి అందరమూ పోతాము.” ప్రతాప్ వైపు వేలు చూపించాడు. “ఆ డబ్బాలో మాత్రం వద్దు. కొట్టేదుంటే తోలు మీద కొట్టండి. కాచుకునేదానికి కసువు నేను తెస్తాను.”

ఈస్టరు పొద్దున ఇంకా వెలుతురు రాలేదు. ఆ గుడివాళ్ళు ప్రతి ఏడూ ఆ వేళకు సమాధుల తోటకు పోయి, తమవాళ్ళ సమాధుల మీద కొవ్వొత్తులు పెట్టి ప్రార్థన చేస్తారు. పుంగనూరు మొదటి బస్సెక్కినా వేళకు చేరలేడని మునస్వామిని ప్రతాప్ ముందురోజే బండి మీద తీసుకొచ్చాడు. తోట గేటు దగ్గర మునస్వామి చెప్పులు విప్పి, అవి ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకునే నిలబడ్డాడు. సువర్ణమ్మ వాటిని లాక్కుని గోడ పక్కన పెట్టింది. “ఇది మీ గంగమ్మ గుడి గాదులే, ఏసుకో” అంది. ఆయన వేసుకోలేదు.

సాల్మన్ రాజు సారు సంచిలో ఎండు కసువు తెచ్చాడు. గోడ వారగా మంట పెట్టింది ఆయనే. పలకను ఎంత దూరంలో పట్టాలో, ఎప్పుడు తిప్పాలో చెప్పకుండా ఉండలేకపోయాడు. మునస్వామి విసుక్కున్నాడు. “నాకు తెలుసులేప్పా” అన్నాడు. ఇద్దరూ మంటకు చెరో పక్క గొంతుక్కూర్చుని తోలు మీద వేలితో తట్టి చూస్తుంటే, ప్రతాప్ ఫోను తీయబోయి మళ్ళీ జేబులో పెట్టేశాడు.

పాట మొదలైంది. సువర్ణమ్మ మెడకు తగిలించుకున్న చేతి హార్మోనియం, ఆడవాళ్ళ గొంతులు, వెనక నిదానంగా పలక. సమాధుల మధ్య నడుస్తూ పాడారు. ముసలివాళ్ళు కొందరు ఆ దరువు వినగానే నిలబడిపోయారు. ఒకావిడ ముక్కు చీదుకుంటూ గేటు బయటికి వెళ్ళిపోయింది. ఎందుకు పోయిందో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మిగిలినవాళ్ళు నడిచారు. “రాయి తీసేదెవరు” దగ్గర మలుపు రావాలి. అక్కడ తడబడింది. మునస్వామి జాతర దరువులోకి దూకేశాడు, ఆడవాళ్ళు ఇంకా పాత నడకలోనే ఉన్నారు. పాటా పలకా చెరోదారి పట్టాయి. సువర్ణమ్మ హార్మోనియం వదిలేసి, రెండు చేతులూ పైకెత్తి గట్టిగా చప్పట్లు కొట్టి అందరినీ లాగింది. ఎలాగో ఒడ్డున పడ్డారు. చివరి చరణానికి కరుణా, కీబోర్డు కుర్రాళ్ళూ ఎగురుతున్నారు. సారు ఎగరలేదు. కానీ కసువు మంట ఆరకుండా చూస్తూ అక్కడే ఉన్నాడు.

“బాగుండిందా?” అని సువర్ణమ్మ అన్నను అడిగింది.

“పాట బాగుండాది. మలుపు కాడ నువ్వే తప్పినావు.”

“నేనా? గంగిరెద్దు మాదిరి దూకింది ఎవురు?”

“దెబ్బ ఎప్పుడూ తప్పదు మే. గొంతే తప్పుతాది.”

ప్రతాప్‌ను న్యాయం చెప్పమన్నారు. అతను తడుముకోకుండా “ఇద్దరూ తప్పినారు” అన్నాడు.

మెచ్చుకోలు ఒక్కసారిగా రాలేదు. కొన్ని వారాలు గుళ్ళో దీనిమీదే చర్చ. ఇద్దరు పెద్దలు సమాధుల తోటలో జాతర చేశారని పై వాళ్ళకు ఫిర్యాదు చేస్తామన్నారు, చేయలేదు. ఎవరో తీసిన వీడియో వాట్సాప్‌లో తిరిగింది. బైరెడ్డిపల్లె వైపు నుంచి ఒక అయ్యగారు ఫోన్ చేసి మాటలు రాసి పంపమన్నాడు. పాటల గుంపు కుర్రాళ్ళ చేతికి పోయింది. సువర్ణమ్మ కుట్టు మిషనుకు మోటారు పెట్టించుకుంది. తర్వాతి ఈస్టరుకు ఎవరూ అడగకుండానే సారు కసువు తెచ్చాడు. మలుపు మళ్ళీ తడబడింది.

ఆ ఏడు మే నెలలో ప్రతాప్ కుప్పం దగ్గర ఒక పెళ్ళికి సౌండ్ పెట్టడానికి పోయాడు. క్రైస్తవుల పెళ్ళి. విందు దగ్గర ఆడవాళ్ళు గుండ్రంగా నిలబడి, అరవవాళ్ళ కుమ్మి మాదిరి వంగి వంగి చప్పట్లు కొడుతూ పాట మొదలుపెట్టారు. ప్రతాప్ చేతిలోని ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టేశాడు. అదే పాట. సగం మాటలు తెలుగు, సగం తమిళం. పలక బదులు పంబ, జాతరలో అమ్మవారి ముందు వాయించే జంట డోలు. మలుపు దగ్గర వాళ్ళు తడబడలేదు. అక్కడ అందరూ చప్పట్లు ఆపేశారు. ఒక్క ఊపిరి పట్టినంతసేపు పంబ కూడా ఆగింది. ఆ ఖాళీలోంచి కొత్త దరువు లేచింది.

ప్రతాప్ పాడినావిడను పట్టుకుని అడిగాడు, ఈ పాట ఎవరిదని.

“ఇదా? చానా పాతది గదప్పా. మా అవ్వ పాడేది” అందామె ఏమాత్రం తడుముకోకుండా.

ప్రతాప్‌కు ఒళ్ళు మండింది. మరుసటి రోజే మదనపల్లెకు వచ్చి సువర్ణమ్మ ఇంట్లో కూర్చున్నాడు. ఆమె గుండీలు కుడుతోంది.

“నీ పాటను ఎవురో అవ్వది జేసేసినారమ్మా! నేను చెప్తాంటే నవ్వుతారు! నువ్వు ఈ పొద్దే నాతో రా. వీడియో తీసి నీ పేరుతో యూట్యూబ్‌లో పెడతా. లేకుంటే నువ్వే వాళ్ళ కాడ నేర్చుకున్నావంటారు రేపు.”

“వాళ్ళ అవ్వ పాడిందని చెప్పిందా?”

“చెప్పింది! అబద్ధం గదా!”

సువర్ణమ్మ చాలాసేపు నవ్వింది. సూది గుచ్చుకుంటుందేమోనని దాన్ని పక్కన పెట్టి మరీ నవ్వింది. “మా అమ్మ చెనిక్కాయ చేలో పాడింది, యాడ నేర్చుకున్నావని ఆమెను నేను అడగలేదే” అంది. తర్వాత ముందుకు వంగి, ఆ మలుపు దగ్గర వాళ్ళు ఏం చేశారో ఇంకోసారి చెప్పమంది. ప్రతాప్ చెప్పాడు. చప్పట్లు కొట్టి చూపించాడు. ఆపాల్సిన చోట ఆపలేకపోయాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. ఆమె అతని చేతులనే చూస్తూ, పెదవులు కదుపుతూ కూర్చుంది.

“నీకు రాదులే, వదిలెయ్” అంది చివరికి. “ప్రతాపూ, ఒక పని జేసి పెట్టు నాయనా. మళ్ళా ఆ పక్కకు పొయ్యేటప్పుడు మా అన్నను బండి ఎనకాల కూర్చోబెట్టుకొని పో. ఫోన్లో సూపిస్తే ఆయప్పకు ఎక్కదు, మనుషుల ఎదురుగ్గా నిలబడి సూడల్ల. పాట ఎవురిదని మీరు ఇద్దరూ నోరెత్తొద్దండి. ఆ ఆపేది మాత్రం నేర్చుకొని రాండి.”